ఆనర్సు విద్య: స్వార్త్‌మోర్ కళాశాల

అమెరికా సంయుక్త రాష్ట్రములలో, ఫిలడెల్ఫియా నగరసమీపమున గల స్వార్త్‌మోర్ కళాశాలయందు 1922లో ఆరంభమైన ఆనర్సు విధానము, ఆ దేశమునందలి ఆనర్సు విద్యకు మార్గదర్శకమైనది. రోడ్సు విద్యార్థివేతనముతో ఆక్స్‌ఫర్డులో చదివి, 1921లో ఈ కళాశాలకు అధ్యక్షుడైన ఫ్రాంక్ ఎయిడెలాట్ దీనికి మూలపురుషుడు. కొలదిమంది విద్యార్థులు, తాము రచించిన వ్యాసములను ముందుగా ఒండొరులు చదివికొని, ఆచార్యునితో కూడి గంటలకొలది చర్చించు గోష్ఠులే దీనికి ప్రాణము. నడుమ విరామమున, వంతులవారీగా తెచ్చిన ఫలాహారమును అందరును పంచుకొనుట కూడ ఆచారమైనది. చదువరికి ఏకాంతము తప్పదను భావము ఇచ్చట నిలువదు. అంత్యపరీక్షలను బయటి విద్యాసంస్థల పండితులు నిర్వహింతురు. మిక్కిలి శ్లాఘ్యమైన ఈ యేర్పాటుచే గురువు తీర్పరిస్థానమును వీడి శిష్యుల పక్షమున నిలుచును. ఆ పరీక్షకులు వ్రాతతో తృప్తినొందక, ప్రతి విద్యార్థితోను ముఖాముఖి సంభాషింతురు.