దుబాయి పుట్టిన ఏడాది

మన సారంగాపూర్‌లోనే కాదు, జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల చుట్టుపక్కల ఏ ఊరికి పోయినా దుబాయి ముచ్చట లేని వాడకట్టు ఉండదు. బొగ్గుబాయి, బొంబాయి, దుబాయి అని మన వలసల కథను మూడు మాటల్లో చెప్పుకుంటాం. అయినా దుబాయి అంటే మనకు తెలిసింది వీసా, క్యాంపు, కంపెనీ, నెల జీతం. ఈ నగరానికీ ఒక చరిత్ర ఉంది, అదీ వలసతోనే మొదలైంది. సారంగాపూర్ నుంచి వచ్చి ఇక్కడ బతుకుతున్నవాడిగా ఆ సంగతి మనవాళ్లకు చెప్పడం నా బాధ్యత అనుకుంటున్నాను. అందుకు 1833 అనే ఒక్క ఏడాదిని పట్టుకుంటే చాలు.

అప్పటికి దుబాయి సముద్రపు పాయ ఒడ్డున చిన్న పల్లె. అబుధాబి షేకుల కింద ఉండేది. 1833లో అబుధాబిలో షేక్ తహనూన్‌ను సోదరుడు ఖలీఫా చంపి గద్దెనెక్కాడు. ఆ పాలన కింద ఉండలేక బనీ యాస్ తెగలోని అల్ బూ ఫలాసా శాఖవాళ్లు, సుమారు 800 మంది, ఊరు విడిచారు. మక్తూం బిన్ బుత్తీ, ఉబైద్ బిన్ సయీద్ వాళ్లకు పెద్దలు. దుబాయికి వచ్చి స్థిరపడి, దాన్ని వేరే రాజ్యంగా నిలబెట్టారు. 1836లో ఉబైద్ చనిపోయాక మక్తూం ఒక్కడే 1852 దాకా ఏలాడు. ఈనాటి పాలకులు ఆయన వంశంవాళ్లే.

దుబాయికి వచ్చిన వాళ్లకు అన్నం పెట్టినవి ముత్యాలు. ఎండాకాలమంతా పడవల మీదే ఉండి సముద్రంలో మునిగి ఆల్చిప్పలు తీసేవాళ్లు. ఆ సీజన్‌లో తెగలు కొట్టుకోకుండా 1835లో ఆంగ్లేయుల మధ్యవర్తిత్వంతో ఒప్పందం చేసుకున్నారు. అదే 1853లో శాశ్వత ఒప్పందమైంది. ఈ సముద్రపు ముత్యాలే బొంబాయి మీదుగా వచ్చి, బస్రా ముత్యాల పేరుతో హైదరాబాద్ నవాబుల మెడల్లో మెరిశాయి.

మునిగినవాడికి మాత్రం మిగిలింది అప్పే. సీజన్‌కు ముందు పడవ యజమాని దగ్గర బయానా తీసుకోవాలి. ముత్యం దొరక్కపోతే అప్పు మరుసటి ఏడాదికి పెరుగుతుంది. తండ్రి చనిపోతే కొడుకు మీద పడుతుంది. ఏజెంటుకు కట్టడానికి మిత్తికి తెచ్చి విమానమెక్కిన మన పిల్లలకు ఈ లెక్క ఎవరూ విడమరచి చెప్పనక్కర లేదు.

అదే 1833లో మన తెలుగునేల మీద డొక్కల కరువు విరుచుకుపడింది. గుంటూరు జిల్లాలో 5 లక్షల జనాభాలో దాదాపు 2 లక్షల మంది చనిపోయారని అంచనా. తిండి కోసం జనం మద్రాసు దారి పట్టి, దారిపొడవునా రాలిపోయారు. కృష్ణా, గోదావరి నదులకు ఆనకట్టలు కట్టాలన్న ఆలోచన గట్టిపడింది ఇలాంటి చావుల తర్వాతే.

అదే ఏడాది ఆగస్టు 28న లండన్‌లో బానిసత్వ రద్దు చట్టానికి రాజముద్ర పడింది. దానికోసం జీవితమంతా పోరాడిన విల్బర్‌ఫోర్స్ ఆ ముందు నెల 29ననే కన్నుమూశాడు. చట్టం బానిసల యజమానులకు 2 కోట్ల పౌండ్ల పరిహారం ఇచ్చింది, బానిసలకు పైసా ఇవ్వలేదు. ఈస్టిండియా కంపెనీ నేలకు అది వర్తించలేదు కూడా. తోటల్లో పనికి మనుషులు కావలసి వచ్చి, మరుసటి ఏడాది నుంచే మన దేశపు కూలీలను ఒప్పంద పత్రాల మీద మారిషస్‌కు తోలుకుపోయారు. తర్వాత కోరంగి రేవు నుంచి తెలుగువాళ్లూ ఓడలెక్కారు. చదవని కాగితం మీద వేలిముద్ర వేసి సముద్రం దాటడం మనకు అప్పుడే మొదలైంది. ఆ 1833లోనే సెప్టెంబర్ 27న రాజా రామ్మోహన్ రాయ్ ఇంగ్లండ్‌లోని బ్రిస్టల్‌లో చనిపోయాడు. అంత పెద్దమనిషి సమాధి ఇప్పటికీ పరాయి దేశంలోనే ఉంది.

1930లలో జపాన్ సాగు ముత్యాలు వచ్చి ఇక్కడి పడవలను ఒడ్డుకు చేర్చాయి. 1966లో దుబాయిలో చమురు పడింది. 1971 డిసెంబర్ 2న ఎమిరేట్స్ ఒక దేశమైంది. ఆ తర్వాత లేచిన ఈ మేడల్లో మన జగిత్యాల మేస్త్రీల, సిరిసిల్ల పద్మశాలి బిడ్డల చెమట ఉంది. ఊరు విడిచి వచ్చిన 800 మందితో మొదలైన రాజ్యం ఇది. వలస వచ్చినవాడు ఇక్కడ తల దించుకోవలసిన పని లేదు.

గల్ఫ్‌కు బయలుదేరే తమ్ముళ్లు నా మాట వినాలి. విజిట్ వీసా మీద పనికి రావద్దు. ప్రభుత్వం దగ్గర రిజిస్టరైన ఏజెంటు ద్వారానే రండి. ఒప్పందం మీకు తెలిసిన భాషలో చదివించుకోకుండా సంతకం పెట్టవద్దు. అప్పు చేసే ముందు జీతమెంతో, అది తీరడానికి ఎన్ని నెలలు పడుతుందో ఇంట్లోవాళ్లతో కూర్చుని లెక్క వేసుకోండి.