సంస్థలలో అంతర్గత సమాచార ప్రసరణ: పరిశోధన ధోరణుల పరిణామం

వ్యాససంగ్రహం
ఒక సంస్థలో అధికారులు ఉద్యోగులతోను, ఉద్యోగులు అధికారులతోను, సాటివారు తమలో తాము జరిపే సమాచార వినిమయమే అంతర్గత సమాచార ప్రసరణ. అమెరికాలో 1920ల నుంచి దీనిపై సాగిన పరిశోధన, కిందిస్థాయి మాట పైకి చేరడమనే సమస్యను ఏవిధంగా అవగాహన చేసుకొన్నదో ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

కీలకపదాలు: హాథార్న్ అధ్యయనాలు, అనధికార ప్రసరణ, సమాచార తనిఖీ, సంస్థాగత మౌనం.

1. ప్రవేశిక
ప్రభుత్వ పాలనశాస్త్రం, వాణిజ్యశాస్త్రం చదివినవారికి హాథార్న్ పేరు సుపరిచితం. షికాగో సమీపంలోని వెస్టర్న్ ఎలక్ట్రిక్ కంపెనీ కర్మాగారమది. వెలుతురుకు, ఉత్పత్తికి గల సంబంధాన్ని తెలుసుకొనేందుకు 1924లో అక్కడ ప్రయోగాలు మొదలయ్యాయి. పాఠ్యగ్రంథాలు వీటినే ఎక్కువగా వివరిస్తాయి. సమాచార ప్రసరణ చరిత్రలో మాత్రం 1928లో ప్రారంభమైన ఇంటర్వ్యూ కార్యక్రమానికే ప్రాధాన్యం ఎక్కువ. సుమారు రెండేళ్లలో 21 వేలమందికి పైగా ఉద్యోగులతో మాట్లాడారు. సిద్ధం చేసుకొన్న ప్రశ్నలతో వెళ్లినవారు, ఉద్యోగులు తమకు తోచినదే చెప్పదలచుకొన్నారని గ్రహించి, క్రమంగా ప్రశ్నలు తగ్గించి వినసాగారు.

2. విన్న మాట గమ్యం
ఈ అనుభవాన్ని రోత్లిస్‌బర్గర్, డిక్సన్ 1939లో ‘మేనేజ్‌మెంట్ అండ్ ది వర్కర్’ గ్రంథంలో క్రోడీకరించారు. ఫిర్యాదులోని విషయంతో పాటు దాని వెనుక ఉన్న మనోభావాన్ని కూడా గుర్తించాలని వారి వాదం. ఈ దృష్టితోనే 1936లో అదే కర్మాగారంలో సలహాదారుల వ్యవస్థ ఏర్పడింది. సలహాదారు గోప్యంగా వినేవాడు; పరిష్కరించే అధికారం అతనికి లేదు. కార్మికుని మనసు తేలికపడి ఉండవచ్చు. అతని మాట నిర్ణయంగా మారే దారి మాత్రం ఏర్పడలేదు.

ఇదే కాలంలో న్యూజెర్సీ బెల్ టెలిఫోన్ కంపెనీ అధ్యక్షుడు చెస్టర్ బర్నార్డ్ 1938లో మరొక కోణాన్ని ప్రతిపాదించాడు. ఆజ్ఞకు అధికారం అందుకొన్నవారి అంగీకారం వల్లనే సిద్ధిస్తుందని అతని సిద్ధాంతం.

3. కొలమానాల దశ
1953లో కీత్ డేవిస్ ఒక కంపెనీ మేనేజర్ల మధ్య గుసగుసలుగా ప్రయాణించే వార్తలను అధ్యయనం చేశాడు. విన్నవారిలో కొద్దిమంది మాత్రమే వార్తను ఇతరులకు అందిస్తారని తేల్చాడు. 1970లలో అంతర్జాతీయ కమ్యూనికేషన్ సంఘం సమాచార తనిఖీ విధానాన్ని రూపొందించింది. ఉద్యోగికి అందుతున్న సమాచారమెంత, అతనికి కావలసినదెంత అనే రెండింటినీ పక్కపక్కన ఉంచి పోల్చడం అందులో కీలకం. వేర్వేరు సంస్థలను ఒకే ప్రమాణంతో చూసే వీలు దీనితో కలిగింది. కాని ప్రశ్నావళిలో లేనిది దాని కంటికి ఆనదు.

ఈ పరిమితిని వ్యాఖ్యానాత్మక ధోరణి ఎత్తిచూపింది. 1981లో యూటా రాష్ట్రంలోని ఆల్టాలో జరిగిన సదస్సు, 1983లో పట్నం, పకనోవ్‌స్కీ సంపాదకత్వంలో వెలువడిన సంకలనం దీనికి బలం చేకూర్చాయి. ఉద్యోగులు చెప్పుకొనే కథలు, వేసుకొనే ఛలోక్తులు, పాటించే ఆనవాయితీలు పరిశోధన సామగ్రి అయ్యాయి.

4. మౌనంపై దృష్టి
1986 జనవరి 28న ఛాలెంజర్ అంతరిక్ష నౌక కూలి ఏడుగురు మరణించారు. రాకెట్ అతుకులను మూసే రబ్బరు వలయాలు చలికి పనిచేయకపోవచ్చని ఇంజనీర్లు ముందురోజు రాత్రే అభ్యంతరం చెప్పారు. అంటే మాట పుట్టింది, కొంతదూరం వెళ్లింది, నిర్ణయాన్ని మాత్రం మార్చలేకపోయింది. లోపాన్ని క్రమంగా మామూలు విషయంగా స్వీకరించే అలవాటు సంస్థలో ఎలా స్థిరపడిందో డయాన్ వాన్ 1996లో సవివరంగా నిరూపించింది. 2000లో మోరిసన్, మిలికెన్ ‘సంస్థాగత మౌనం’ అనే భావనను ప్రతిపాదించారు. చెప్పినా ప్రయోజనం లేదనీ, చెబితే ప్రమాదమనీ ఉద్యోగులు ఉమ్మడిగా నమ్మడమే ఈ మౌనానికి మూలం.

5. ముగింపు
వినడంతో మొదలైన ఈ పరిశోధన కొలవడం, వ్యాఖ్యానించడం అనే దశలు దాటి మౌనాన్ని ప్రశ్నించే స్థితికి చేరింది. నేటి డిజిటల్ వేదికలలో సందేశాలను లెక్కించడం సులభం. అయితే హాథార్న్ సలహాదారు గది, ఛాలెంజర్ ముందురాత్రి చర్చ రెండూ ఒకే పాఠం చెబుతాయి: కిందినుంచి వచ్చిన మాటకు నిర్ణయంలో చోటు దొరికిందా లేదా అన్నదే అంతర్గత సమాచార ప్రసరణకు అసలైన గీటురాయి.