ఒక కాఫీ పాక పుట్టుపూర్వోత్తరములు

లండను నగర మధ్యభాగమున, బ్యాంకులును భీమా సంస్థలును గొప్ప గొప్ప మేడలు కట్టుకొని కొలువుదీరియున్న కార్న్‌హిల్ వీథిలో, సెయింట్ మైకేల్ చర్చి ప్రక్కగా ఒక సందు లోపలికి పోవుచున్నది. ఎఱుగనివారు పదిమారులు ఆ వీథిని నడచిపోయినను అచ్చట నొక త్రోవ కలదని గుర్తింపజాలరు. నాలుగడుగులు వేసి మలుపు తిరుగగనే బయటి రొద తలుపు మూసినట్లు అణగిపోవును. ఎదుట ఎఱ్ఱరాతి గోడల పాత కట్టడ మొకటి, చుట్టునున్న మేడల నడుమ తప్పిపోయిన పసిబిడ్డవలె నిలిచియుండును. పందొమ్మిదవ శతాబ్దము చివర కట్టిన ఆ ఇంటిపేరు జమైకా వైన్ హౌస్. 1652వ సంవత్సరమున లండనులోని మొట్టమొదటి కాఫీ అంగడి ఈ తావుననే, పాస్కా రోసే అనువాని శిరస్సు గుర్తుగా వెలసెనని దాని గోడపై నొక ఫలకము చెప్పుచున్నది.

నేను ఆ సందున అడుగిడినది కాఫీమీది భక్తితోనే గాని, ఇంటిపేరే చెప్పుచున్నట్లు ఆ కట్టడమిపుడు మద్యశాల. మొదట నవ్వు వచ్చినది. పిదప యోచింపగా ఇందును ఒక న్యాయము కలదని తోచెను. కాఫీకి అరబ్బులు పెట్టిన ‘ఖహ్వా’ అను పేరు పూర్వకాలమున ద్రాక్షాసవమునకు చెల్లుచుండెడిదని ఆ భాషలోని నిఘంటుకారులు చెప్పుదురు. మద్యమునొద్ద పేరు అరువు తెచ్చుకొన్న కాఫీ, వేయి యోజనముల కావల, తన పుట్టినిల్లే మద్యమున కిచ్చి ఆ ఋణము తీర్చుకొన్నదని మనము సరిపెట్టుకొనవచ్చును. ఆ ఖహ్వాయే తురుష్కుల నోట కహ్వేయై, ఐరోపావారి నోళ్లలో తలకొక తీరున నలిగి, ఆంగ్లమునుండి మనకు ‘కాఫీ’గా దిగుమతియైనది.

యెమెను దేశమందలి సూఫీలు పదునైదవ శతాబ్దిలో రాత్రి ప్రార్థనలయందు నిద్ర తూగకుండుటకై దీనిని సేవించిరి. ఇట్లు మఠములలో పుట్టిన పానీయము వీథిలోనికి వచ్చునప్పటికి పాలకులకు కంటకమైనది. 1511లో మక్కా నగరాధికారి ఖైర్ బేగ్ కాఫీని నిషేధించెను; కైరోలోని సుల్తాను ఆ నిషేధమును సాగనీయలేదు. ఇరువదవ శతాబ్దపు రాజకీయములు చూచినవారికి ఈ కథ క్రొత్త కాదు: పానీయము నెవ్వరును నిజముగా ద్వేషింపలేదు, దానిని చేతబట్టుకొని నలుగురు ఒకచోట కూర్చుండుటయే పాలకులకు కంటగింపయ్యెను. 1550ల నడుమ, అలెప్పో నుండి హకమ్ అనువాడును, డమాస్కసు నుండి షంసు అనువాడును ఇస్తాంబూలునకు వచ్చి కాఫీశాలలు తెఱచిరని ఒట్టోమను చరిత్రకారుడు పెచెవీ వ్రాసియున్నాడు. అచ్చట చదరంగ మాడువారు, కవిత్వము చదువువారు, ఉద్యోగము లూడినవారు చేరెడివారట. మూడవ తరగతివారు నేటికిని చేరుచునే యున్నారు.

స్మిర్నా రేవున వర్తకము చేసి లండనునకు మరలివచ్చిన డేనియల్ ఎడ్వర్డ్సు తనవెంట పాస్కా రోసే అను సేవకుని తెచ్చుకొనెను. ఉదయమున ఆ సేవకుడు కాచియిచ్చెడి కాఫీ దొరవారికి అలవాటైనది. అలవాటు ఇంటిలోనే యున్నచో బాధ లేకుండెడిది. ఆ వాసన స్నేహితులకు తగిలెను. ప్రతిదినమును కాఫీ పేరిట వచ్చి కూర్చుండువారితో వ్యాపారము కుంటుపడగా, ఇంటిలోని సంతను వీథికి తరలించినచో ప్రాణము సుఖపడునని ఎంచి, ఎడ్వర్డ్సు తన సేవకునిచే సెయింట్ మైకేల్ చర్చి ఆవరణలో చిన్న పాక యొకటి పెట్టించెను. ఇంటికి కాఫీకై వచ్చి మధ్యాహ్నభోజనమువరకు కదలని బంధువులను చవిచూచిన తెలుగు గృహస్థులకు ఎడ్వర్డ్సు మనఃక్లేశమును వర్ణించి చెప్పనక్కరలేదు. (ఇంగ్లండులో అంతకు ముందే, 1650 ప్రాంతమున, ఆక్స్‌ఫర్డునందు జేకబ్ అను యూదుడు కాఫీ అమ్మినట్లు ఆంథొనీ వుడ్ వ్రాసిపెట్టెను, కావున రోసేది లండనులో మొదటిది, దేశమున కాదు.)

పాక చిన్నదైనను పగ పెద్దదయ్యెను. చుట్టుప్రక్కల సారాయంగళ్లవారు తమ బేరము పోవుచున్నదని మేయరుకు మొఱపెట్టుకొనిరి. వారు చూపిన కారణము మాత్రము చట్టబద్ధమైనది: ఇతడు పరదేశి, నగరమున స్వేచ్ఛగా వ్యాపారము చేయుటకు హక్కు గల పౌరుడు కాడు. అందులకు విరుగుడుగా ఎడ్వర్డ్సు మామగారైన హాడ్జెసు తన బండి తోలు బౌమను అనువానిని, పౌరహక్కు గలవాడగుటచే, రోసేకు భాగస్వామిగా కూర్చెను. విద్య పరదేశిది, హక్కు స్వదేశిది, పెట్టుబడి దొరవారిది. కొన్నేండ్లకు రోసే పేరు దస్తావేజులలో కనబడదు. ఒక మహానగరపు అలవాట్లను మార్చినవాడు ఇట్లు చడిచప్పుడు లేక మాయమగుట నాకు కష్టముగా తోచును.

అతడు అచ్చు వేయించిన కరపత్రమొకటి మిగిలియున్నది. గింజను ఎండించి, పొడిచేసి, ఊటనీటిలో కాచవలెననియు, తాగుటకు ముందొక గంటయు తరువాత నొక గంటయు ఏమియు తినరాదనియు, ఓర్వగలిగినంత వేడిగా పుచ్చుకొనవలెననియు అందు విధింపబడినది. పాలప్రసక్తి లేదు, మన ఫిల్టరు కాఫీ ఉపాసకులు దానిని కషాయ మనియే యందురు. తలనొప్పి, దగ్గు, జలోదరము, వాతము మున్నగు రోగములకెల్ల ఇది మందనియు, దాని ఆవిరి కండ్లకు మేలనియు, నిద్రమత్తును పోగొట్టుననియు చెప్పిన ఆ పత్రములో కడపటి మాటయొక్కటే నేటికిని నిలిచినది.

అయితే రోసే అమ్మినది కాఫీ యని నేను అనుకొనను. ఒక పెన్నీ యిచ్చినవాడు కాఫీతోపాటు బల్లచెంత నొక చోటును, పత్రికలను, ఓడల రాకపోకల వార్తలను, ప్రక్కవాని మాటలను పొందెడివాడు. ముందుగా వచ్చినవాడు ముందుగా కూర్చుండుటయే ఆ బల్లయొద్ద మర్యాద. ప్రభువును పద్దు వ్రాయువాడును ఒక్కబల్లయే. కనుకనే వీనికి పెన్నీ విశ్వవిద్యాలయములని పేరు వచ్చెను. స్త్రీలకు మాత్రము ఈ విద్యాలయములలో కాఫీ పోయు పనియే గాని కూర్చుండు పీట లేకుండెను. ఇంటి మగవారు కాఫీ త్రాగి పనికిమాలినవా రగుచున్నారని వారి పేర 1674లో వెలువడిన ఆక్షేపణపత్రము హాస్యమునకై వ్రాసినదైనను, కారణము లేనిది కాదు.

రాజునకు కోపము వచ్చుట తప్పదు గదా! రెండవ చార్లెసు 1675 డిసెంబరు 29న ప్రకటన చేయించి, జనవరి 10 నుండి కాఫీశాలలన్నియు మూయవలసినదని ఆజ్ఞాపించెను. సోమరులు చేరి ప్రభుత్వముపై అపవాదములు పుట్టించుచున్నారని ఆయన ఫిర్యాదు. నగరమంతయు గగ్గోలు పడగా, గడువునకు రెండుదినములు ముందుగనే ఆజ్ఞను ఉపసంహరింపవలసివచ్చెను. మన పట్టణముల కాఫీ హోటళ్ల గోడలపై ‘ఇచ్చట రాజకీయములు మాట్లాడరాదు’ అని వ్రాసియుండుటయు, ఆ వ్రాత క్రిందనే కూర్చుండి జనులు మంత్రివర్గములను కూల్చుటయు చూచిననాడెల్ల నాకు చార్లెసు జ్ఞాపకమునకు వచ్చును.

ఈ ఆజ్ఞకు ముందే, 1666 నాటి లండను మహాదహనమున మన సందంతయు బూడిదయైనది. ఇండ్లు మరల లేచినవి, కాఫీశాలలును లేచినవి. ఒక్కొక వ్యాపారమువా రొక్కొక శాలను తమదిగా చేసికొనిరి. కార్న్‌హిల్ చేరువనున్న జెరూసలేం కాఫీశాల ఈస్టిండియా కుంపినీ వర్తకులకును ఓడ నాయకులకును ఆటపట్టు. 1611లో మచిలీపట్నమున కొట్టు పెట్టి మన కలంకారీ బట్టలు మోసికొనిపోయిన కుంపినీయే అది. మన సందులోనిది జమైకా వర్తకులది. చక్కెర వ్యాపారమన్న మాట మృదువుగా వినబడును గాని, ఆ చక్కెరను పండించినవారు ఆఫ్రికానుండి బంధించి తేబడిన బానిసలు; పారిపోయిన బానిసను పట్టితెచ్చినవారు ఫలానా కాఫీశాలలో బహుమానము పుచ్చుకొనవచ్చునని ఆనాటి పత్రికలలో ప్రకటనలు పడెడివి. సమానత్వపు బల్ల యని పొగడువారు ఈ ప్రకటనలనుకూడ చదువవలెను.

వాటాల బేరగాండ్రు జోనాథన్ కాఫీశాలలో చేరిరి. జాన్ కాస్టెయింగు 1698లో అచ్చటినుండియే ధరల పట్టికలు వెలువరించెను. 1773లో ఆ బేరగాండ్రు స్వంత ఇల్లు కట్టుకొని స్టాకు ఎక్స్ఛేంజి యని పేరు మార్చుకొనిరి. ఓడలకు భీమా వ్రాయువారు ఎడ్వర్డ్ లాయిడ్ కాఫీశాలకు మరిగిరి. ఆ లాయిడు 1680ల చివర టవర్ వీథిలో దుకాణము పెట్టి, 1691లో లాంబార్డ్ వీథికి మార్చినవాడు. తాను కాఫీ కాచుటయు ఓడల వార్తలు సేకరించుటయు తప్ప భీమా యెన్నడును వ్రాయలేదు. అతని పేరుమీదనే నేడు లోకమంతట భీమా సాగుచున్నది.

సందునుండి వెలికివచ్చి లైమ్ వీథివైపు కొలది నిమిషములు నడచితిని. ఉక్కు గొట్టములను పేగులవలె వెలిబెట్టుకొని 1986లో తెఱవబడిన లాయిడ్సు భవనము అచ్చట నిలిచియున్నది. దానిలో కాఫీ కాచువారెవ్వరును ఆ సంస్థకు ముఖ్యులు కారు. అయినను ద్వారమున నిలిచి వచ్చినవారికి దారిచూపెడి ఎఱ్ఱకోటుల ఉద్యోగులను అచ్చటివారు నేటికిని ‘వెయిటర్లు’ అనియే పిలుచుచున్నారు.