తూము మొదలు పైపు వరకు

మంజీరా జలమును నమ్ముకొని బ్రతికిన ఇందూరు సీమలో, అనగా నేటి నిజామాబాదు, బోధను ప్రాంతములలో, నీరెచ్చటినుండి వచ్చుచున్నదో పసిబాలుర నడిగినను చెప్పుదురు. కాని ఆ నీరు ఏ పదార్థమును ఒరసికొని వచ్చుచున్నదో విచారించువారు అరుదు. చెరువుకట్ట క్రింద రాతితూమును, దానికి కొయ్యబిరడాయును, బావిగట్టున తోలుమోటయును పనిచేసిన కాలమున ఆ విచారమునకు అవసరమే లేకుండెను.

గొట్టములలో నీటిని నడుపు విద్య దక్కనునకు క్రొత్తది కాదు. గోలకొండ కోటలో నీటిని కొనిపోయిన కాల్చిన మట్టిగొట్టములు నేటికిని గోడలలో కానవచ్చును. అంతకు ఎన్నో శతాబ్దములకు పూర్వమే రోమను వాస్తుశిల్పి విట్రూవియసు, సీసపు పనివారి పాలిపోయిన దేహవర్ణమును నిదర్శనముగా చూపి, సీసపు గొట్టముల నీటికంటె మట్టిగొట్టముల నీరే ఆరోగ్యకరమని వ్రాసియుండెను. అయినను, వంచుటకును అతుకుటకును అనువైనదగుటచే రోము నగరము సీసమును విడువలేదు. సౌకర్యము ముందు వచ్చును, శంక వెనుక వచ్చును. జలవాహికల చరిత్ర యంతయు ఇంతియే.

1923లో ఆరంభమై 1931లో ముగిసిన నిజాంసాగరు ఈ సీమ రూపునే మార్చెను. నవాబు అలీ నవాజ్ జంగు పర్యవేక్షణమున మంజీరాపై వెలసిన ఆ జలాశయపు కాలువలు చెఱకునకు కావలసిన ఎడతెగని తడిని సమకూర్చుటచేతనే, 1937లో బోధను చెంత శక్కర్‌నగరున నిజాం చక్కెర కర్మాగారము నెలకొని, ఒకనాడు ఆసియాలోనే మిక్కిలి పెద్దదని పేరుగాంచి, 2015 వరకు గానుగ నాడించెను. నిజాంసాగరు వెలసిన కాలముననే రూపొందిన అలీసాగరు, తోటల నడుమ నీరు పంటకే గాక కంటికిని విందు కాగలదని చూపినది.

కాలువ యందని చేలకు బోరు వచ్చెను. బోరు వెంట పైపు వచ్చెను. జర్మనీలో 1930ల నడిమికాలమున వాడుకకు వచ్చిన పీవీసీ గొట్టమునకు మనదేశమున 1968లో ఐఎస్ 4985 అను ప్రమాణము ఏర్పడెను. తుప్పు పట్టనిదియు, భుజముపై మోసికొని పోదగినంత తేలికైనదియు నగుటచే రైతు దానిని ఆదరించెను. దుకాణమున 'నాలుగు కేజీల పైపు', 'ఆరు కేజీల పైపు' అని యడుగు రైతు చెప్పునది దాని బరువు గాదు. చదరపు సెంటీమీటరునకు అది యోర్చు ఒత్తిడి. అయితే పాత సీసము ఇచ్చటను పొంచియుండెను. తయారీవేడికి పీవీసీ చెడకుండుటకై సీసపు లవణములను కలుపు అలవాటు చిరకాలము సాగినది. గొట్టములలో దానిని అరికట్టుటకు కేంద్ర పర్యావరణ మంత్రిత్వ శాఖ 2021లో గాని నియమావళిని ప్రకటింపలేదు.

పెరటిలో చిన్న కొలను త్రవ్వించి, తామరను, చేపలను పెంపదలచిన గృహస్థునకు ఈ చరిత్ర మిక్కిలి పనికివచ్చును. కాలువ నీరు ఒక్కమారు తాకి సాగిపోవును. కొలను నీరన్ననో, మోటారు తిరిగినంతకాలము అదే గొట్టమున మరల మరల తిరుగుచు, కరగినదానినెల్ల కూడబెట్టుకొనును. కావున త్రాగునీటికి ఉద్దేశింపబడి, ఐఎస్ఐ గుర్తుతోపాటు ఐఎస్ 4985 సంఖ్య ముద్రితమైన సీసరహితపు గొట్టమునే కొనవలెను. మురుగునీటికై ఐఎస్ 13592 క్రింద చేసినది దీనికి తగదు. నల్లని హెచ్‌డీపీఈ పైపైనచో ఐఎస్ 4984 చూడవలెను. ఎండకు పీవీసీ పెళుసెక్కును గాన దానిని మంటిలో పూడ్చుట మేలు.

ఎల్బో, టీ, వాల్వుల యెడ మరింత జాగ్రత్త వలయును: గొట్టమంతయు ప్లాస్టిక్కే యైనను, ఇత్తడి వాల్వునుండి దిగు రాగియు, జీఐ ముక్కనుండి దిగు జింకును చేపల మొప్పలకు హాని చేయును. అతుకులకు పూసిన సొల్యూషను పూర్తిగా ఆరి, పైపును కడిగి, ఆ నీటిని పారబోసిన పిమ్మటనే చేపలను విడువవలెను. పురుగుమందు నడిచిన పొలము పైపును ఎంత కడిగినను కొలనునకు తేరాదు.

రాతి మంచిచెడ్డలను మన తాతలు కంటితో చూచి, వ్రేలితో తట్టి చెప్పగలిగిరి. ప్లాస్టిక్కులో నేమి కలిసినదో కన్ను చెప్పజాలదు. కావున దుకాణదారుని మాటకంటె గొట్టముపై అచ్చైన ఆ పంక్తియే ప్రమాణము; అది లేని పైపు ఎంత చౌకగా వచ్చినను కొనదగినది కాదు.