కూలి కథలు – 11: ఓడ మీద టిప్పు ఎవరి బాకీ?

అమెరికాలో ఉండే మన తెలుగు కుటుంబాలకు క్రూజ్ ఇప్పుడు మామూలు సెలవు అయిపోయింది. డాలస్, హ్యూస్టన్ వాళ్ళు కారులో గాల్వెస్టన్ రేవుకి వెళ్ళి ఓడెక్కుతారు. వారం రోజులు మెక్సికో తీరం తిరిగి వస్తారు. ఇక్కడి నుంచి అమ్మానాన్నలు వెళ్తే వాళ్ళనీ ఎక్కిస్తారు. ఓడెక్కిన మర్నాడే కొందరు చేసే పని ఒకటుంది. కౌంటర్ దగ్గరికి వెళ్ళి "మా టిప్పులు తీసేయండి" అంటారు. తీసేస్తారు కూడా. చాలా కంపెనీల్లో ఆ వెసులుబాటు ఉంది.

మా చిన్నాన్న కూతురు పోయిన నెల నన్ను అడిగింది ఇదే. "అన్నయ్యా, మా గ్రూపులో అందరూ తీయించేస్తారంట. నలుగురికి ఐదొందల డాలర్లు మిగుల్తాయంట. మనం జీతాల గురించి పోట్లాడే వాళ్ళం కదా, అది కంపెనీ ఇవ్వాల్సింది గానీ నేనెందుకు ఇవ్వాలి?" ప్రశ్న చాలా మంచిది. సగం కరెక్టు కూడా. ఆ సగం ఎంత పాతదో, మిగతా సగం ఎక్కడ తప్పుతుందో చెప్పాలంటే కొంచెం వెనక్కి వెళ్ళాలి.

ముందు లెక్క. టిక్కెట్ ధర చూసి బయల్దేరిన కుటుంబానికి అసలు ఖర్చు ఓడెక్కాక మొదలవుతుంది. గది, మామూలు భోజనం, ఆటపాటలు టిక్కెట్లోనే. కూల్‌డ్రింకు, మందు, ఇంటర్నెట్, ప్రత్యేక రెస్టారెంటు, వాళ్ళు తీసే ఫొటోలు, రేవులో దిగి తిరిగే టూర్లు అన్నీ వేరే. చేతిలో నోటు కనపడదు. గది తాళానికిచ్చిన కార్డే అన్నిచోట్లా చూపిస్తాం, చివర్లో బిల్లు చేతిలో పెడతారు. డ్రింకు బిల్లులో 18 నుంచి 20 శాతం సర్వీసు చార్జి ముందే కలిపేసి, దాని కింద మళ్ళీ టిప్పు కోసం ఒక గీత ఖాళీగా వదులుతారు. ఇవన్నీ కాక రోజువారీ గ్రాట్యుటీ ఉంటుంది. పెద్ద అమెరికన్ కంపెనీల్లో మామూలు గదికి, మనిషికి రోజుకు సుమారు 16 నుంచి 20 డాలర్లు. పిల్లలకూ అంతే. కొన్ని కంపెనీలు రెండు మూడేళ్ళ లోపు వాళ్ళను మాత్రం వదిలేస్తాయి. 18 అనుకుంటే నలుగురికి ఏడు రాత్రులకు 504 డాలర్లు.

మాట చూడండి, గ్రాట్యుటీ. మన దగ్గర చట్టం ప్రకారం గ్రాట్యుటీ అంటే ఏళ్ళ తరబడి పనిచేసిన మనిషి ఉద్యోగం విడిచేటప్పుడు యజమాని కట్టి తీరాల్సిన డబ్బు. ఓడ మీద అదే మాటకు అర్థం ప్రయాణికుడు దయతలిచి ఇచ్చే డబ్బు. యజమాని మధ్యలోంచి తప్పుకున్నాడు. ఎలా తప్పుకున్నాడన్నదే ఇవాళ్టి కథ.

టిప్పు అమెరికాలో పుట్టింది కాదు. యూరప్ దొరల ఇళ్ళ అలవాటు. అంతర్యుద్ధం అయ్యాక అక్కడికి షికార్లు వెళ్ళొచ్చిన అమెరికన్ డబ్బున్నవాళ్ళు వెంట తెచ్చుకున్నారు. మొదట్లో జనం దీన్ని అసహ్యించుకున్నారు. ఒకడు చేయి చాపడం, ఇంకొకడు అందులో వేయడం ప్రజాస్వామ్యానికి సిగ్గుచేటన్నారు. 1909లో వాషింగ్టన్ రాష్ట్రం టిప్పును నిషేధిస్తూ చట్టం చేసింది. ఆ తర్వాత మరో అయిదారు రాష్ట్రాలు చేశాయి. 1916లో విలియం స్కాట్ 'ది ఇచింగ్ పామ్' అని టిప్పు మీద ఒక పుస్తకమే రాశాడు. దురద పెట్టే అరచేయి అని ఆ పేరుకు అర్థం. కానీ 1926 నాటికి ఆ చట్టాలన్నీ పోయాయి. టిప్పు మిగిలింది.

ఎందుకు మిగిలిందో తెలియాలంటే రైలెక్కాలి. 1867లో జార్జ్ పుల్‌మన్ పడక పెట్టెల కంపెనీ పెట్టాడు. అందులో పక్కలు వేయడానికి, బూట్లు తుడవడానికి, పెట్టెలు మోయడానికి నల్లజాతి మగవాళ్ళను తీసుకున్నాడు. మొదటి తరం వాళ్ళలో చాలామంది అప్పుడే బానిసత్వం నుంచి బయటపడ్డవాళ్ళు. ప్రయాణికులు అందరినీ 'జార్జ్' అనే పిలిచేవాళ్ళు. బానిసను యజమాని పేరుతో పిలిచే పాత పద్ధతి అన్నమాట. మన ఊళ్ళల్లో తాత వయసు మనిషిని కూడా "ఒరేయ్" అన్న నోళ్ళు గుర్తొస్తే నా తప్పు కాదు.

1915లో ప్రభుత్వ పారిశ్రామిక సంబంధాల కమిషన్ ఈ కంపెనీని విచారించింది. అప్పటికి పోర్టర్ జీతం నెలకు 27 డాలర్ల 50 సెంట్లు. బూట్ పాలిష్ కూడా సొంత డబ్బుతో కొనుక్కోవాలి. మిగతాది ప్రయాణికుల టిప్పుల్లో వస్తుందిలే అన్నది కంపెనీ లెక్క. కమిషన్ ముందు కూర్చుని కంపెనీ తరఫున జవాబు చెప్పింది ఎవరో తెలుసా? బోర్డు ఛైర్మన్ రాబర్ట్ టాడ్ లింకన్, అబ్రహాం లింకన్ కొడుకు. తండ్రి బానిసత్వ రద్దుకు సంతకం పెట్టాడు, కొడుకు వాళ్ళ పిల్లల్ని టిప్పుల మీద బతకమన్నాడు. చరిత్ర పాఠం చెప్పేటప్పుడు మా క్లాసులో పిల్లలు ఇక్కడ తప్పకుండా నవ్వుతారు.

1925 ఆగస్టు 25న హార్లెమ్‌లో ఫిలిప్ రాండాల్ఫ్ నాయకత్వంలో పోర్టర్ల యూనియన్ పుట్టింది. వాళ్ళు మొదట్లోనే వేసిన ఒక ఎత్తు నాకు చాలా ఇష్టం. 1927లో రైల్వేలను నియంత్రించే అంతర్రాష్ట్ర వాణిజ్య కమిషన్ దగ్గరికి వెళ్ళారు. మా జీతం కంపెనీ ఇవ్వకుండా ప్రయాణికుడి జేబులోంచి తీయిస్తోంది, అంటే ప్రయాణికుడు రాసిన ఛార్జీ కన్నా ఎక్కువ కడుతున్నాడు, ఇది చట్ట విరుద్ధం అని వాదించారు. ఇది మా చెల్లెలు అడిగిన ప్రశ్నే! కాకపోతే ఆ ప్రశ్న అడిగింది టిప్పు తీసుకునేవాళ్ళు. 1928లో కమిషన్ ఇది మా పరిధి కాదని తోసేసింది.

అదే 1928లో, మార్చి 19న, బొంబాయి శాసనమండలిలో ఒక సభ్యుడు ఒక బిల్లు పెట్టాడు. 1874 నాటి వంశపారంపర్య ఉద్యోగాల చట్టాన్ని సవరించాలని. ఆ సభ్యుడు డాక్టర్ అంబేద్కర్. ఆ బిల్లు మహర్ వతన్ గురించి. స్కాట్ పుస్తకం అచ్చయిన 1916లో ఆయన న్యూయార్కులోనే ఉన్నాడు, కొలంబియాలో కులాల మీద తన వ్యాసం చదివాడు. ఆయన ఆ పుస్తకం చూశాడని నేను అనడం లేదు. ఆయనకు ఆ అవసరం కూడా లేదు. ఇంటి దగ్గరే అంతకన్నా పెద్ద పాఠం ఉంది.

మహర్ వతన్‌దారు సర్కారు నౌకరు. కబురు మోయాలి, అధికారి వస్తే వెంట తిరగాలి, పగలూ రాత్రీ పిలిచినప్పుడు పోవాలి, తను లేకపోతే ఇంట్లో వాళ్ళు పోవాలి. పని చేయించుకునేది సర్కారు. కూలి మాత్రం కాస్త ఇనాం చెక్క, దాంతోపాటు రైతులు పంటప్పుడు వేసే గింజలు. వాటిని అక్కడ బలుతా అంటారు. రైతుకు కోపమొస్తే గింజలు ఆగిపోతాయి. మహర్లు చచ్చిన గొడ్డును మోయం అన్నా, బావి దగ్గరికి వచ్చినా ఆగిపోతాయి. పనివాడి నోరు నొక్కడానికి ఇంతకన్నా చవకైన ఆయుధం లేదు. అంబేద్కర్ అడిగింది సూటిగా ఉంది. పని సర్కారుది కాబట్టి జీతం సర్కారు ఇవ్వాలి, డబ్బు రూపంలో, లెక్క ప్రకారం ఇవ్వాలి. బిల్లు నెగ్గలేదు. ఆ వతన్లు రద్దయ్యేసరికి 1958 వచ్చింది, ఆయన పోయి రెండేళ్ళయింది.

మనకు దీన్ని మేర అని చెబితే చాలు. మా తాత ఊరి వెట్టి. నూర్పిళ్ళప్పుడు కళ్ళం దగ్గర గోనెసంచి పట్టుకుని పొద్దుగూకేదాకా నిలబడేవాడని మా నాయనమ్మ చెప్పేది. ఎంత వేస్తే అంత. తాలు ఎక్కువైందని అనే హక్కు లేదు. "మారాజులు, దండిగా ఏశారు" అని దణ్ణం పెట్టి రావాలి. ఏడాది పొడవునా చేసిన పనికి కూలి తీసుకుంటూ దానం పుచ్చుకున్నట్టు దణ్ణం పెట్టాలి. టిప్పులో నాకు నచ్చనిది ఆ దణ్ణమే. డబ్బుతో పేచీ లేదు.

పుల్‌మన్ పోర్టర్లు మాత్రం గెలిచారు. యూనియన్ పుట్టిన సరిగ్గా పన్నెండేళ్ళకు, 1937 ఆగస్టు 25న కంపెనీ ఒప్పందం మీద సంతకం పెట్టింది. నెలకు 400 గంటల పని 240కి దిగింది. ఆ యూనియన్ మనిషే ఇ.డి. నిక్సన్. 1955లో రోసా పార్క్స్‌ను జైలు నుంచి విడిపించి మాంట్‌గోమరీ బస్సుల బహిష్కరణను కదిలించినవాళ్ళలో ఒకడు. టిప్పు కోసం వంగిన నడుములు నిటారైతే ఏమవుతుందో అక్కడ తెలిసింది.

కానీ చట్టం వేరే దారి పట్టింది. 1942లో జాక్సన్‌విల్ రైల్వే స్టేషన్ కూలీల కేసులో అమెరికా సుప్రీంకోర్టు టిప్పుల్ని కనీస వేతనం కింద జమ వేసుకోవచ్చంది. 1963 ఆగస్టులో రాండాల్ఫే ముందుండి నడిపించిన వాషింగ్టన్ ప్రదర్శన కోర్కెల్లో గంటకు రెండు డాలర్ల కనీస వేతనం ఒకటి. మూడేళ్ళకు, 1966లో, హోటల్ పనివాళ్ళను కూడా వేతన చట్టంలోకి తెచ్చారు. అయితే టిప్పులొచ్చే వాళ్ళకు సగం ఇస్తే చాలని మెలిక పెట్టారు. ఆ మెలిక కింద ఫెడరల్ రేటు 1991లో గంటకు 2 డాలర్ల 13 సెంట్లు అయింది. ఇప్పటికీ అంతే. కొన్ని రాష్ట్రాలు సొంతంగా పెంచుకున్నాయి, అది వేరే సంగతి.

క్రూజ్ ఓడకు ఈ 2 డాలర్ల 13 సెంట్ల చట్టం కూడా అందదు. ఓడ బయల్దేరేది గాల్వెస్టన్ నుంచో మయామి నుంచో. ప్రయాణికులు అమెరికన్లు, కంపెనీ ఆఫీసు అమెరికాలో. జెండా మాత్రం పనామాదో బహామాస్‌దో. 1920లలో అమెరికాలో మద్య నిషేధం ఉన్నప్పుడు ఓడల్లో మందు పోయడానికి కొన్ని ఓడలకు పనామా జెండా కట్టారు. మందు కోసం మొదలైన ఉపాయం తర్వాత పన్నులకు, జీతాలకు పనికొచ్చింది. రాండాల్ఫ్ వాషింగ్టన్ ప్రదర్శన చేసిన ఆ 1963లోనే, ఫిబ్రవరిలో, విదేశీ జెండా ఓడల్లోని విదేశీ సిబ్బందికి అమెరికా కార్మిక సంబంధాల చట్టం వర్తించదని సుప్రీంకోర్టు తేల్చేసింది. ఇవాళ్టి పెద్ద క్రూజ్ కంపెనీలు చాలావరకు ఆ తర్వాతి పదేళ్ళలో పుట్టినవే.

ఓడకు తనదైన పాత చరిత్ర కూడా ఉంది. బ్రిటిష్ ఓడల్లో మన దేశపు లాస్కర్లకు తెల్ల నావికుల జీతంలో చిన్న వంతు ఇచ్చేవాళ్ళు. పని కూడా వర్గాల వారీగా పంచేవాళ్ళు. ఇంజను గదిలో బొగ్గు వేసే పనికి సిల్హెట్ ముస్లింలు, భోజనశాలకు గోవా క్రైస్తవులు. మన కులవృత్తుల పట్టికను తీసుకెళ్ళి నీళ్ళ మీద పెట్టినట్టుంటుంది. టైటానిక్ మునిగిన నిమిషం నుంచే బతికిన సిబ్బందికి కూడా జీతం ఆపేశారు. ఓడ లేదు కాబట్టి ఉద్యోగం లేదు, అంతే.

ఇప్పుడు 2006 నాటి సముద్ర కార్మిక ఒప్పందం ఉంది. 2013లో అమల్లోకి వచ్చింది, మన దేశం 2015లో ఒప్పుకుంది. అది ఇచ్చే రక్షణ ఎంతంటే, రోజుకు 14 గంటలు, వారానికి 72 గంటలు దాటి పని చేయించరాదు. గది తుడిచే మనిషి నెలల తరబడి వారం సెలవన్నది లేకుండా చేస్తాడు. ఒకప్పుడు చివరి రాత్రి కవర్లో పెట్టి ఇచ్చే టిప్పు ఇప్పుడు రోజువారీ ఖాతాలోకి మారింది గానీ, దాన్ని తీసేసే హక్కు ప్రయాణికుడి చేతిలోనే ఉంచారు. బలుతా ఆపేసే హక్కు రైతు చేతిలో ఉన్నట్టు.

అందుకే మా చెల్లెలికి చెప్పింది ఇది. కంపెనీ ఇవ్వాలన్న మాట నిజం. కానీ కౌంటర్ దగ్గర నువ్వు తీయించే 504 డాలర్లలో కంపెనీకి పోయేది ఏమీ లేదు. దాన్ని టిక్కెట్ ధరలో భాగమనుకో, టిక్కెట్ కొనేరోజే కట్టేయి, మధ్యలో రేటు పెరిగినా బాధ ఉండదు. రెండు కంపెనీల ధరలు పోల్చేటప్పుడు ఇది కలిపి పోల్చు. డబ్బు మిగల్చాలంటే కంపెనీ జేబుకు పోయే చోట మిగల్చు. మందు తాగని నలుగురికి డ్రింకు ప్యాకేజీ ఎందుకు? ఇంటర్నెట్ ఒక ఫోనుకు చాలు. ఫొటోలు మన ఫోన్లలో తీసుకోవచ్చు. కోజుమెల్‌లో ఓడవాళ్ళ టూరు లేకుండా మనంతట మనం నడవొచ్చు. డ్రింకు బిల్లు మీద సర్వీసు చార్జి పడ్డాక ఖాళీ గీత నింపకపోయినా పాపం లేదు. పనిలో లోపముంటే ఆ లోపం గురించి చెప్పు, అందరి కూలి కోయకు. గది తుడిచే అతన్ని పేరు అడిగి పేరుతో పిలువు.

కంపెనీలు తల్చుకుంటే మార్చగలవు కూడా. బ్రిటన్‌లో పి అండ్ ఓ క్రూజెస్ 2019లో రోజువారీ టిప్పును తీసేసి టిక్కెట్ ధరలోనే కలిపింది.

ఇక మన పిల్లల సంగతి. విశాఖలో 2023లో అంతర్జాతీయ క్రూజ్ టెర్మినల్ ప్రారంభమైనప్పటి నుంచి హోటల్ మేనేజ్‌మెంట్ చదివే పిల్లలు నన్ను ఈ ఉద్యోగాల గురించి అడుగుతున్నారు. ఎక్కువమంది మన హాస్టళ్ళ పిల్లలే. వెళ్ళొద్దని నేను చెప్పను, పుల్‌మన్ పోర్టర్ల జీతాలతోనే ఎందరో నల్లజాతి పిల్లలు కాలేజీకి వెళ్ళారు. అడగాల్సినవి మాత్రం అడగండి. కాంట్రాక్టులో రాసిన జీతమెంత, అందులో టిప్పు కింద వచ్చేదెంత అని రెండూ విడివిడిగా రాయించుకోండి. ఏజెంటుకు షిప్పింగ్ డైరెక్టర్ జనరల్ ఇచ్చే ఆర్‌పీఎస్‌ఎల్ లైసెన్సు ఉందో లేదో ఆ శాఖ వెబ్‌సైట్లో చూసుకోండి. ఆ సముద్ర కార్మిక ఒప్పందం ప్రకారం ఉద్యోగం ఇప్పించినందుకు మీ దగ్గర ఫీజు తీసుకోకూడదు. పాస్‌పోర్టు, నావికుడి పుస్తకం, మెడికల్ సర్టిఫికెట్ ఖర్చులు మాత్రమే మీవి. లక్షల్లో అడిగేవాడు ఎవడైనా సరే, రశీదు అడగండి. ఇవ్వనంటే లేచి వచ్చేయండి.

జై భీమ్.