రాత్రిబడి పంతులమ్మ

దూబగుంట అనగానే సారా ఉద్యమం అంటారు. ఆ ఉద్యమంలో ముందు నిలిచిన రోసమ్మ పేరు చెబుతారు, చెప్పాల్సిందే. ఆ వెంటనే ముఖ్యమంత్రుల పేర్లొస్తాయి. ఈ పేర్లకు ముందు ఇంకో వరస ఉంది, జీతం లేకుండా రాత్రిబడులు నడిపిన ఆడపిల్లల వరస. పోయినేడు కన్నుమూసిన నా స్నేహితురాలు ఆ వరసలో మనిషి. పెద్దకర్మ నాడు దూరపు బంధువొకాయన "ఆమె ఏం ఉద్యోగం చేసేదమ్మా?" అని అడిగాడు. ఉద్యోగం చెయ్యలేదు. చేసిందేమిటో చెప్పాలంటే 1990 నుంచి మొదలుపెట్టాలి.

ఆ ఏడాది మొదట్లోనే కేరళలో ఎర్నాకుళం సంపూర్ణ అక్షరాస్యత జిల్లా అయింది. ఆ ఊపు మా నెల్లూరు జిల్లాకూ వచ్చింది. కళాజాతాల వాళ్లు డప్పు కొట్టి, పాటలు పాడి, చదువు చెప్పేదానికి ఎవరొస్తారని ఊరూరా అడిగారు. మాది ఉదయగిరి వైపు మెట్ట. పదో తరగతి దాటిన ఆడపిల్లలం ఊళ్లో ఆమె, నేను. "ఏందమ్మే, చూస్తా కూచుంటే ఎవురొస్తారు? మనమే పోదాం పా" అని నా చెయ్యి పట్టుకుని లేపింది.

కూలి నుంచి వచ్చి, అన్నం వార్చి, పిల్లల్ని పండబెట్టి, అప్పుడొచ్చేవాళ్లు ఆడవాళ్లు. రామమందిరం అరుగే బడి. కరెంటును నమ్ముకోలేం, కిరసనాయిలు లాంతరే దిక్కు. వాచకం అ, ఆలతో మొదలయ్యేది కాదు. ముందొక మాట, ఆ మాట మీద కబుర్లు, తర్వాతే దాన్ని విడగొట్టి అక్షరాలు. మా బడి ఆ కబుర్ల దగ్గరే ఆగిపోయేది. కూలి గురించి మాటొచ్చిన రాత్రి ఎవరూ ఒక్క అక్షరం దిద్దలేదు. మగవాళ్లకెంత, మనకెంత అన్న లెక్కలోనే లాంతరులో నూనె అయిపోయింది. పాఠం సాగడం లేదని నేనంటే, "మాట్లాడనీమే, ఇన్నేళ్లకి ఒకచోట కూచున్నారు" అంది.

సారా ఉద్యమానికి వాచకంలోని సీతమ్మ కథే నిప్పు రాజేసిందని రాస్తుంటారు. తాగుడు కొంప కూల్చిన కథ అది, చదివి ఏడ్చినవాళ్లను నేనూ చూశాను. కానీ పాఠం కన్నా ముందు ఆ అరుగును చెప్పాలంటాను. పెళ్లికో చావుకో తప్ప ఆడవాళ్లు రాత్రిపూట ఒకచోట చేరే వీలే లేని ఊళ్లలో, సర్కారే పిలిచి కూచోబెట్టిన చోటు అది. పోవద్దని ఏ మొగుడూ గట్టిగా అనలేకపోయాడు.

అప్పటికే వారుణి వాహిని పేరుతో సారా ప్యాకెట్లలోకొచ్చింది. జేబులో పట్టేది, చేలగట్ల దాకా నడిచొచ్చేది. కలిగిరి మండలం దూబగుంటలో ఆడవాళ్లు సారా అంగడి మూయించారన్న కబురు మా అరుగు మీదికీ వచ్చింది. మా ఊళ్లోనూ అంగడి తీసెయ్యమని అర్జీ రాశాం. వేలిముద్రలు వేయిస్తే పది నిమిషాల పని. ఆమె ఒప్పుకోలేదు. "రాయొచ్చినోళ్లు రాయాల్సిందే" అని స్టాంపుప్యాడు తీసి పక్కన పెట్టేసింది. ఒక ముసలామె తన పేరులోని చివరి ఒత్తు దగ్గర చెయ్యి వణికి ఆగిపోతే, ఈమె చెయ్యి పట్టి దిద్దించలేదు. ఎదురుగా కూచుని అది పూర్తయ్యేదాకా చూసింది. ఆ కాగితం పట్టుకుని మండలాఫీసుకు నడిచి పోయాం.

1992లో సారా వేలంపాటలు జరగనివ్వకూడదని జిల్లా ఆడవాళ్లు నెల్లూరు చేరారు. పాట వాయిదా మీద వాయిదా పడింది. 1993 ఏప్రిల్‌లో మా జిల్లాలో, అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతా సారా బందయింది. 1995లో సంపూర్ణ నిషేధం వచ్చింది, 1997లో సడలిపోయింది. ఆ సడలింపు కబురు విన్న రోజు ఆమె అన్నం ముట్టలేదు.

అయినా పని ఆపలేదు. ఉద్యమం వెనకే మా జిల్లాలో పొదుపు లక్ష్మి మొదలైంది, మనిషికి రోజుకో రూపాయి. ఆ లెక్కలన్నీ ఆమె చేతిరాతే. తర్వాత డ్వాక్రా పుస్తకాలు, పింఛను అర్జీలు, బ్యాంకు కాగితాలు. పగలంతా కుట్టుమిషను తొక్కి పొద్దుగూకాక వీటి ముందు కూచునేది. ఒక్క అర్జీకి కూడా ఎవరి దగ్గరా పైసా తీసుకోలేదు.

మా మండలంలో అప్పట్లో రాత్రిబడులు నడిపినవాళ్ల పేర్లు ఇప్పుడు రాసిపెడుతున్నాను. ఆమెది మొదటి పేరు. కొండాపురం వైపు, వరికుంటపాడు వైపు ఇంకా చాలామంది ఉండాలి. పెళ్లిళ్లయి ఏ ఊళ్లకు పోయారో. మీ అమ్మో, అత్తో, పెద్దమ్మో ఆ రోజుల్లో లాంతరు పెట్టి చదువు చెప్పి ఉంటే, ఏ ఊరి బడి, ఎవరెవరు చదివారు అని అడిగి రాసుకోండి. వాళ్లలో చిన్నవాళ్లకే యాభై దాటాయి.