నూలు చందా

సంఘం అనగానే మనకు చందా రసీదు గుర్తొస్తుంది. 1925లో పాట్నాలో పుట్టిన అఖిల భారత చరఖా సంఘం తీరు వేరు. అందులో మొదటి తరగతి సభ్యుడి చందా డబ్బు కాదు, నెలకు వెయ్యి గజాల నూలు! అదీ సొంత చేత్తో వడికిందే కావాలి. హెచ్చుతగ్గుల్లేకుండా, పురి గట్టిగా ఉండాలి. ఎందుకంటారా? నాసి నూలు మగ్గం మీద తెగితే నష్టం నేతగాడికి.

లెక్క వేసి చూశాను. రెండున్నరేళ్ళ చందా నూలు పరిస్తే మా మనుబోలు నుంచి నెల్లూరు చేరుతుంది. ఆ నెల్లూరుకు చేరువలోనే, పెన్న ఒడ్డున పల్లిపాడులో, 1921లో గాంధీజీ పినాకినీ సత్యాగ్రహ ఆశ్రమాన్ని ప్రారంభించారు.

కూలికిచ్చి వడికిస్తే చెల్లదు మరి. ఎంత ధనవంతుడైనా రాట్నం ముందు కూర్చోవలసిందే. డబ్బిచ్చి తప్పుకోవడానికి వీల్లేని చందా అంటే అదేనండీ!